వేషం, వేషధారి
(కశింకోటలో చేసిన స్మారకోపన్యాసం)



ఇవాళ మనం తలుచుకుంటున్న మాస్టారు పగలు బడిలో లెక్కలు చెప్పేవారు, రాత్రి నాటకాలు ఆడించేవారు. మా వీధికంతా ఒకే టీవీ ఉన్న రోజుల్లో అది ఆయన ఇంట్లోనే ఉండేది. చాప మీద ముందు చోటు కోసం కొట్టుకున్న పిల్లల్లో నేనొకణ్ణి. అందుకే ఈ పూట టీవీలో నవ్వించిన రెండు ఇళ్ల కథ చెబుతాను. ఒకటి మనది, ఒకటి అమెరికాలో షికాగోది.

మన ఇల్లు మీకు తెలిసిందే. గుణ్ణం గంగరాజు 'అమృతం' జెమినీ టీవీలో 2001 నవంబరు 18న మొదలై 2007 నవంబరు 18న ముగిసింది. ఆరేళ్లు, 313 భాగాలు. వారమంతా డైలీ సీరియళ్లు ఏడిపిస్తే ఆదివారం ఇది నవ్వించేది. హోటలు నిలబెట్టడానికి నానా తంటాలు పడే అమృతరావు, అతని నీడ లాంటి ఆంజనేయులు, వాళ్ల భార్యలు, ఇంటి ఓనరు అప్పాజీ, హోటల్లో పనిచేసే సర్వం. టైటిల్ పాట రాసింది మన పక్కనే అనకాపల్లిలో పెరిగిన సిరివెన్నెల సీతారామశాస్త్రి. అందుకని ఆ ఇంటి గడపకు మన పసుపే రాసినట్టు మాకో గర్వం.

వారానికొకటి చూసినప్పుడు పట్టించుకోనిది, ఇప్పుడు యూట్యూబులో వరసపెట్టి చూస్తుంటే కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అమృతరావుకు మూడు ముఖాలు. శివాజీ రాజా, తర్వాత నరేష్, తర్వాత హర్షవర్ధన్. అతని భార్య సంజీవని వేషమూ చేతులు మారింది. అయినా ఇల్లు అదే, అప్పులూ అవే. గుండు హనుమంతరావు ఆంజనేయులుగా పక్కన నిలబడితే చాలు, ఎవరొచ్చినా అమృతరావు అయిపోయేవారు. ఆ హనుమంతరావే 2018 ఫిబ్రవరిలో కన్నుమూశారు. 2020 ఉగాదికి 'అమృతం ద్వితీయం' మొదలైతే ఆంజనేయులుగా ఎల్.బి. శ్రీరామ్ వచ్చారు. జనం కాసేపు పోల్చి చూశారు, తర్వాత కథలో పడ్డారు.

ఇది మనకు కొత్త కాదు. మన తూర్పు భాగవతంలో సత్యభామ వేషం మగవాళ్లు కట్టేవారు. ఈ ఊళ్లో ఒకరు, పై ఊళ్లో ఇంకొకరు. జడ వేసుకుని తెర దగ్గరికొచ్చాక ఆయన ఎవరబ్బాయో ఎవరికి కావాలి? ఆ రాత్రికి ఆయనే సత్యభామ.

ఇక షికాగో ఇల్లు. మా మేనల్లుడు అమెరికా నుంచి డీవీడీల పెట్టె తెచ్చాడు. మన ప్లేయర్లో వేస్తే ఆడనంది. అక్కడి డిస్కులు ఒకటో రీజియన్‌వి, మనది అయిదో రీజియన్. చివరికి కంప్యూటర్లో రీజియన్ మార్చి చూశాం. ఆ ధారావాహిక పేరు 'గుడ్ టైమ్స్'. 1974 ఫిబ్రవరి నుంచి 1979 ఆగస్టు దాకా సీబీఎస్‌లో 133 భాగాలు వచ్చింది. సర్కారు కట్టించిన అపార్టుమెంట్లలో ఒక నల్లజాతి కుటుంబం: తండ్రి జేమ్స్ ఎవాన్స్, తల్లి ఫ్లోరిడా, ముగ్గురు పిల్లలు. తండ్రికి పని ఉంటే అద్దె కడతారు, లేకపోతే గుండె దిటవు చేసుకుంటారు.

ఈ ఇల్లు నిలబడ్డానికి ముందు చాలా దూరం నడక ఉంది. 1928లో రేడియోలో మొదలైన 'ఏమస్ అండ్ ఆండీ'లో నల్లవాళ్ల గొంతులు పలికింది తెల్లవాళ్లు. 1951లో అది టీవీకొచ్చినప్పుడు నల్లజాతి నటులే ఆడారు గానీ, తమను వెకిలిగా చూపిస్తున్నారని వాళ్ల హక్కుల సంఘం ఎన్.ఏ.ఏ.సి.పి. ఉద్యమించింది. 1953లో కొత్త భాగాలు ఆగిపోయాయి. 1968లో 'జూలియా' వచ్చింది. చదువుకున్న నర్సు, మర్యాదగల ఇల్లు. కానీ భర్త వియత్నాం యుద్ధంలో పోయాడు. 1972లో 'శాన్‌ఫర్డ్ అండ్ సన్' వచ్చింది. అక్కడ తండ్రి ఉన్నాడు, తల్లి లేదు.

ఎరిక్ మాంటే, మైక్ ఎవాన్స్ 'గుడ్ టైమ్స్' తలపెట్టినప్పుడు, తల్లి పాత్రకు అనుకున్న ఎస్తేర్ రోల్ ఒక పట్టు పట్టారు: ఈ ఇంట్లో నాకు భర్త ఉండాలి, పిల్లలకు తండ్రి ఉండాలి. అలా జాన్ ఏమస్ జేమ్స్‌గా వచ్చారు.

తర్వాత పెద్దకొడుకు జేజే చేసే కోతిచేష్టలకు చప్పట్లు పెరిగాయి. కథ అటే ఒరిగింది. మనం ఎగతాళి కావడం మళ్లీ మొదలైందని ఇద్దరు పెద్ద నటులూ గొణిగారు. రచయితలతో పడక 1976లో జాన్ ఏమస్ బయటికి రావలసి వచ్చింది. ఆయన చోట ఇంకొకరిని పెట్టలేదు. మిసిసిపీలో పని దొరికి, కుటుంబమంతా అక్కడికి మకాం మార్చబోతుండగా కారు ప్రమాదంలో జేమ్స్ పోయాడని టెలిగ్రాం తెప్పించారు. ఏడాది తిరక్కుండా ఎస్తేర్ రోల్ కూడా తప్పుకుని, ఆఖరి సీజనుకు గానీ తిరిగి రాలేదు.

వారం వారం చూసినవాళ్లకు మధ్యలో వేసవి గడిచింది, నొప్పి కాస్త చల్లారింది. నేను మూడో సీజను ఆఖరి డిస్కు తీసి నాలుగోది పెట్టాను. రెండిటి మధ్య టీ తాగినంత సేపే. అప్పుడు తెలిసింది ఆ ఇంట్లో పడిన కన్నం ఎంతో.

మనవాళ్లు మనిషిని మార్చి పాత్రను బతికించారు. వాళ్లు మనిషి పోగానే పాత్రను చంపారు. మొదట్లో మన పద్ధతే మేలనిపించింది. ఇప్పుడంత తేలిగ్గా అనలేను. అమృతరావు వేషం. ఎవరు కట్టినా నప్పుతుంది. ఏళ్ల తరబడి తెర మీద దొరకని తండ్రిని ఒక నటి పట్టుబట్టి తెచ్చుకుంటే, ఆయన వేషం ఎలా అవుతాడు? ఇంకో ముఖం తెచ్చినా చూసేవాళ్లకు ఆనేది కాదేమో. చంపడం కన్నా మేలయ్యేదా? ఎన్నిసార్లు చూసినా ఇది నాకు తెగలేదు.

మాస్టారు పోయిన మరుసటి సంక్రాంతికి ఆయన కట్టే వేషం ఆయన శిష్యుడే కట్టాడు. మొదటి పావుగంట గొంతు పోల్చి చూశాం. ఆ తర్వాత నవ్వాల్సిన చోట నవ్వాం. మాస్టారుంటే ముందు ఆయనే నవ్వేవారు.

ఆయన ఇంట్లో టీవీ ఎదుట పడక్కుర్చీ మాత్రం ఇప్పటికీ ఉంది. మేం వెళితే మాస్టారి భార్య, మా అమ్మగారు, చాప వేస్తారు. కుర్చీలో కూర్చోమని ఎవరితోనూ అనరు. మేమూ కూర్చోం.