సబ్బుపెట్టెలోని తాళము

నేడు ఈ దోహా నగరమున మీరు స్నాతకులగుచున్నారు.

స్నాతకుడనగా స్నానము చేసినవాడని అర్థము. గురుకులవాసము ముగించి వ్రతస్నానమాచరించి ఇంటికి మరలుచున్న శిష్యునకు గురువు చేయవలసిన అనుశాసనము తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లియందు ఏనాడో చెప్పబడియున్నది. దానికంటె క్లుప్తముగా గాని, దానికంటె నిండుగా గాని మాటాడగలనను భ్రాంతి నాకు లేదు. కావున సత్యధర్మముల ప్రసంగమును ఆ గురువుగారికే విడిచిపెట్టి, నేను నా చొక్కాజేబులోని ఒక వస్తువును గూర్చి మాత్రము ముచ్చటించెదను. ఇదిగో, ఇది ప్రయాణములలో వాడుకొను సబ్బుపెట్టె. లోపల సబ్బు లేదు.

మూత తెరచి చూపినయెడల మీలో ఎలక్ట్రానిక్సు చదివినవారికి నవ్వు రావచ్చును. ఏటీటైనీ 85 అను పేరుగల ఎనిమిది కాళ్ల మైక్రోకంట్రోలరు ఒకటి, ఒక ట్రాన్సిస్టరు, రెండు మూడు రెసిస్టర్లు, ఒక మీట, రెండు సన్న పెన్సిలు సెల్లులు, పెట్టె అంచున పొడిచిన చిల్లిలోనుండి తొంగిచూచు ఎల్.ఇ.డి. ఒకటి; ఇంతియే. ఆ ఎనిమిది కాళ్లలో రెండు కరెంటునకును, ఒకటి రీసెట్టునకును పోగా మనకు మిగులునవి ఐదు. ప్రోగ్రాము వ్రాసికొనుటకున్న చోటు ఎనిమిది కిలోబైట్లు. మీ ఫోనులోని ఒక్క ఛాయాచిత్రమును దాచుటకైనను అది చాలదు. ఐనను నా యుద్యోగజీవితమున కోట్ల రియాళ్ల విలువగల యంత్రములను ముట్టుకొనియు నేర్వని సంగతులను కొన్నింటిని నాకు ఈ సబ్బుపెట్టె నేర్పినది గనుక, దీనిని పట్టుకొని మీ ముందు నిలుచుటకు నాకు సిగ్గు లేదు.

పదునైదేండ్ల క్రిందట ఈ నగరములోని నజ్మాలో ఒక గదిలో నలుగురము కాపురముంటిమి. జగిత్యాలనుండి వచ్చిన అన్న ఒకరు రాత్రిపూట పనికి పోయి పగలు నిద్రించువారు. రాజంపేట మిత్రుడు డ్రైవరు. కోనసీమ తమ్ముడు వంటవాడు. నేను కొలతపరికరములను సరిచూచు టెక్నీషియనును. మంచములు నాలుగు, ఏసీ ఒకటి, దాని రిమోటు ఒకటి. ఖతర్ వేసవిని మీకు వర్ణించి చెప్పనక్కరలేదు. జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 వరకు ఉదయము 10 గంటలనుండి మధ్యాహ్నము 3.30 వరకు ఆరుబయట పని చేయించరాదని 2021లో ఈ ప్రభుత్వము శాసించినదన్న, ఆ యెండ ఎట్టిదో తెలియుచునే యున్నది. అట్టి ఎండలో ఒకనాడు మా రిమోటు మంచముకోటి క్రింద పడి పప్పుపప్పైనది. గోడమీది యంత్రము అప్పటికి పదునారు డిగ్రీలపై నిలిచియుండెను. బయట అగ్నిగుండము, లోపల హిమాలయము. బజారులో అన్ని ఏసీలకును పనికివచ్చునని అమ్ము రిమోటులు రెండు కొని తెచ్చితిమి. మా యంత్రము ఆ రెంటిమాటయు వినలేదు. జగిత్యాల అన్న దుప్పటి తలవరకు కప్పుకొని, "తమ్మీ, నువ్వు మిషిన్ల పని జేస్తవ్ గద, గీ డబ్బని జర ఇరవై ఆరు మీద వెట్టరాదు" అనెను. నా పరిశోధనకు మూలమైన ప్రేరణ అంతకుమించి ఏమియు లేదు.

సామగ్రి సమకూర్చుకొన్న తీరు చెప్పెదను. నలిగిన రిమోటునుండియే ఎల్.ఇ.డి.ని ఊడబీకితిని, దేహము పోయినను దానికి ప్రాణముండెను. నజ్మాలోనే పాతసామాను అమ్ము సూక్ హరాజ్‌లో ఒక చచ్చిన టీవీని వెదకి, దాని ముఖమునందున్న మూడు కాళ్ల నల్లని రిసీవరును తీసికొంటిని. మైక్రోకంట్రోలరు మాత్రము సెలవులకు పోయినపుడు హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీలో కొనిన నాలుగింటిలో మిగిలినది. అదే జాతి ఏసీ ప్రక్కగదిలో నుండుటచే వారి రిమోటును ఒక గంటసేపు ఎరువు తెచ్చితిని. తిరిగి ఇత్తునో ఈయనో యని వారు నా చేతిగడియారమును కుదువ పెట్టుకొనిరి. మొత్తము వ్యయము పదియేను రియాళ్లకు మించలేదు. టంకమునకు కాలిన వ్రేళ్లను నేను లెక్కలో చేర్చుటలేదు.

పని మొదలుపెట్టగనే ఎదురైన మొదటి చిక్కు వినోదకరమైనది: ఆ ఎల్.ఇ.డి. వెలుగుచున్నదో లేదో చేసినవానికే తెలియదు. మన కన్ను సుమారు 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము దాటిన వెలుగును గుర్తింపదు. రిమోటులోని దీపము 940 దగ్గర వెలుగును. దృష్టి యనునది కంటినుండి వెలువడు కిరణము కాదనియు, వస్తువులనుండి కంటికి వచ్చు వెలుగే దానికి కారణమనియు వేయేండ్ల క్రిందట అరబ్బీలో వాదించి నిరూపించిన ఇబ్న్ అల్ హైతమ్, కంటిలోనికి వచ్చియు కంటికి కానరాని వెలుగును చూచినయెడల ఏమనియుండునో! దానిని పట్టుకొన్నవాడు విలియం హెర్షెల్. బాత్ పట్టణమున ఆర్గన్ వాయించి బ్రతికి, 1781లో యురేనస్ గ్రహమును కనుగొన్న ఆ సంగీతజ్ఞుడే 1800లో పట్టకము గుండ ఎండను రంగులుగా విడదీసి, ఒక్కొక్క రంగున ఉష్ణమాపకమును ఉంచి చూచుచు, ఎరుపునకు ఆవల, ఏ రంగును లేని చోట, పాదరసము అన్నిటికంటె పైకెక్కుట గమనించెను. రంగు లేనిచోట కొలిచి చూడవలెనన్న బుద్ధి ఎందరికి పుట్టును? నాకు ఉష్ణమాపకముతో పని లేకపోయెను. ఫోను ముందువైపు కెమేరాలో చూచితిని. మీట నొక్కినపుడెల్ల ఊదారంగు చుక్క యొకటి మినుకుమినుకుమనెను.

రెండవ చిక్కు గొప్పది, అదియు ఈ ఖతర్ దేశమునకు మిక్కిలి తగినది. భూమిమీద పడు ఎండలో ఇంచుమించు సగము శక్తి ఈ కానరాని వెలుగే. దీపములు వెదజల్లును, వేడెక్కిన గోడలును తమ తమ స్థాయిలలో వెదజల్లును. ఈ మహాసముద్రములో నా ఎల్.ఇ.డి. యొక్క బొట్టును ఏసీ ఎట్లు గుర్తుపట్టును? పూర్వులు ఇందులోనే దెబ్బతినిరి. 1955లో అమెరికాలోని జెనిత్ సంస్థవారికి యూజీన్ పాలీ చేసియిచ్చిన ఫ్లాష్ మ్యాటిక్ అను మొదటి తీగలేని టీవీ రిమోటు మామూలు కాంతిపుంజముతో పనిచేసెడిది. టీవీ నాలుగు మూలలను ఫోటోసెల్లులుండెను. కిటికీలోనుండి ఎండ పడినపుడు కూడ ఆ టీవీ తనంతట తానే ఛానెలు మార్చుకొనెడిదట! సూర్యభగవానుడే మీట నొక్కినట్లు. మరుసటియేట రాబర్ట్ ఆడ్లర్ వెలుగును వదలి, చెవికందని ధ్వని నెన్నుకొని, అల్యూమినియము కడ్డీలను చిన్న సుత్తెలతో మ్రోయించెను. అందు బ్యాటరీయే యక్కరలేదు. కాని తాళపుచెవుల గుత్తి గలగలమన్నను టీవీ ఉలికిపడెడిది.

ఎండను జయించుటకు తరువాతివారు కనిపెట్టిన యుపాయము బలము కాదు, లయ. ఎండ ఎంత తీవ్రమైనను ఎడతెగక ఒక్కతీరున పడును. దానికి తాళము లేదు. రిమోటులోని బొట్టో, సెకండునకు 38 వేల మారులు వెలిగి ఆరును. రిసీవరు ఎడతెగని వెలుగును త్రోసిపుచ్చి, ఆ నడకతో వచ్చినదానిని మాత్రమే లోనికి రానిచ్చును. తిరునాళ్ల రొదలో కేకలు కలిసిపోవును గాని, దూరపు డప్పుదెబ్బ తన దరువువలన తెలియుట లేదా? ఈ 38 అను అంకెకును ఒక ముచ్చట కలదు. మన యిండ్లలోని పాత రేడియోలలో మధ్యమపౌనఃపున్యముగా 455 కిలోహెర్ట్జులను వాడెడివారు. అందులకు తగిన పింగాణి రెజొనేటర్లు లక్షలకొలది తయారై చౌకపడినవి. ఆ 455ను పన్నెండు చేత భాగించిన 38కి సమీపముగా వచ్చును. ఈ యంకె వ్యాప్తికి అదియొక హేతువు. పాటలు వినిపించిన రేడియో తన యెముకను రిమోటునకు దానము చేసినదన్నమాట.

ఇక భాష. టీవీ రిమోటులలో మిక్కిలి వాడుకలోనున్న ఎన్.ఇ.సి. పద్ధతి యిట్లుండును: మొదట తొమ్మిది మిల్లీసెకండ్ల దీర్ఘమైన మ్రోత, నాలుగున్నర మిల్లీసెకండ్ల మౌనము, ఆపైన ముప్పదిరెండు దెబ్బలు. సున్నకైనను ఒకటికైనను దెబ్బ ఒక్కటే, అర మిల్లీసెకండునకు కొంచెమధికము. భేదమంతయు దెబ్బ వెనుకనున్న మౌనము పొడవులో. పొట్టిమౌనము సున్న, దానికి మూడింతల మౌనము ఒకటి. చెప్పిన మాటను వెంటనే తలక్రిందుచేసి మరల చెప్పుటయు నున్నది, వినువాడు సరిచూచుకొనుటకై.

నేను ఏసీ రిమోటును గూడ ఇట్టిదే యనుకొని మోసపోతిని. టీవీ రిమోటు "శబ్దము పెంచుము" అని ఒక్కమాట అని ఊరకుండును. ఏసీ రిమోటు అట్లు కాదు; మీరు ఒక్క డిగ్రీ పెంచినను అది "యంత్రము నడువవలెను, చల్లదనము కావలెను, ఇరువదియారు డిగ్రీలు, గాలి మధ్యమము, రెక్కలు ఊగవలెను" అని తన తెరమీదనున్న సమస్తమును మొదటినుండి ఏకరువు పెట్టును. ఏలయన గోడమీది యంత్రమునుండి దానికి జవాబు రాదు. నిన్నటి మాట చేరినదో లేదో తెలియనిది నేటి మాటను సంపూర్ణముగా చెప్పవలసినదే గదా. మునుపు ఈ గల్ఫుదేశములనుండి మనవారు వ్రాసిన ఉత్తరములు చూడుడు: ప్రతిదియు ఉభయకుశలోపరితో మొదలై, క్రిందటి ఉత్తరములోని డబ్బుమాటను, చెల్లెలి పెండ్లిమాటను మరల ఆద్యంతము చెప్పుచుండును. క్రిందటిది అందినదను నమ్మకమేమి? దెబ్బలు నూరు దాటిపోవు ఆ దీర్ఘలేఖను పట్టుటకు నేను నా ప్రోగ్రాములో నూరు గళ్లే కేటాయించియుంటిని. దెబ్బకొక గడి, మౌనమునకొక గడి కావలెనన్న, రెండువందలకు పైబడి కావలసియుండెను. సగముత్తరము చించి పంపినట్లైనది. ఏసీ నిర్వికారముగా పదునారు డిగ్రీల చలిని కురియుచునే యుండెను.

గళ్లు పెంచితిని. ప్రక్కగదివారు ఇరువదినాలుగుమీద నుంచిన సందేశము పూర్తిగా దొరకినది. దానిని ఇరువదియారు చేయుటకు ఆ ఒక్క అంకెను దిద్ది పంపితిని. మరల మౌనము. రెండు రాత్రులు నిద్రమాని చూడగా తెలిసినదేమనగా, ఉత్తరము చివర పైయంకెలన్నిటిని కూడిన మొత్తము వ్రాయబడియుండును. లోపలి యంకె దిద్ది మొత్తమును దిద్దనివాని ఉత్తరమును యంత్రము దొంగలేఖగా నెంచి పారవైచును. మా నాయనగారి చిల్లరదుకాణపు చిట్టాపుస్తకములో దొంగలెక్క పట్టుబడు తీరే యిదియు. మొత్తము దిద్దితిని. చిప్పు కాలినుండి సూటిగా వెలిగించిన ఎల్.ఇ.డి. నాలుగడుగులకే ఆయాసపడుచుండుటచే నడుమ ట్రాన్సిస్టరును పెట్టితిని. శుక్రవారము మధ్యాహ్నము, జగిత్యాల అన్న నిద్రలో నుండగా, మీట నొక్కితిని.

"కీ" అని ఒక్క చిన్న కూత. ఏసీ పలికినది.

ఆ కూత విలువ మీకు తెలియుటకు చిన్ననాటి మాట యొకటి చెప్పవలెను. పశ్చిమగోదావరిలో పుట్టిన డాక్టరు అయ్యగారి సాంబశివరావుగారు 1967లో హైదరాబాదున ఏర్పడిన ఎలక్ట్రానిక్సు సంస్థయగు ఇ.సి.ఐ.ఎల్.ను నడిపించిన కాలమున ఆ సంస్థ ఈసీ టీవీలను చేసెను. మా వీధిలో నొకటి యుండెను. రిమోటు లేదు. గాలివాన వచ్చిన మరునాడు నేను మేడయెక్కి యాంటెనాను త్రిప్పుచు "వచ్చిందా?" అని అరచెడివాడను; క్రిందినుండి "రాలేదు... రాలేదు... ఆఁ, వచ్చింది! పోయింది!" అని జవాబు వచ్చెడిది. అడుగువాడొకడు, చెప్పువాడొకడు. రిమోటు వచ్చిన తరువాత అడుగువాడే మిగిలెను. వినువాని విలువ యెట్టిదో ఈ ఖతర్ తీరమే చెప్పును: ఇక్కడ చమురు తెలియకముందు, ముత్యములే జీవనాధారమైన దినములలో, గవ్వాస్ అనెడి మునుగువాడు సముద్రగర్భమునుండి త్రాటిని ఒక్కమారు లాగిన, పైన పడవలోనున్న సైబ్ వానిని చేదుకొనెడివాడు. ఆ త్రాటి సంజ్ఞలో అక్షరము లేదు, అంకె లేదు. పైవాని చేయి త్రాటిమీదనుండి ఒక్క నిముషమైనను కదలరాదు, అంతే. మన చదువులలో పంపువానికి ఇన్ని పాఠములుండగా, త్రాడు పట్టుకొని కూర్చున్నవానికి ఒక్క పాఠమైనను లేకుండుట నాకెప్పుడును వింతగానే తోచును.

సబ్బుపెట్టె కీర్తి భవనమంతట ప్రాకెను, కోనసీమ తమ్ముడు తనకొకటి చేయుమని పట్టుబట్టెను, చేసితిని. అది నా తప్పు. వంటింటి వేడిలోనుండి వచ్చినవానికి పందొమ్మిది కావలెను, దుప్పటిలోనివానికి ఇరువదియారు. ఇద్దరి జేబులలోను పెట్టెలుండెను. యంత్రమో, కడపటివాని మాటనే వినును. దానికి పెద్దచిన్న లేదు, తాళమే గాని తాళపుచెవి లేదు. ఆ పగలు మా గదిలో వినిపించిన కూతలు లెక్కకు మిక్కుటము. అమెరికాలో మిచ్ ఆల్ట్‌మన్ అను నతడు 2004లో టీవీ బీ గాన్ అను పేర కనబడిన టీవీనెల్ల ఆర్పివేయు జేబురిమోటును అమ్మకమునకు పెట్టెను. హోటలులో మాటలు సాగనీయని టీవీని చూచినపుడు ఆయనపై నాకును గౌరవము కలుగును. కాని 2008లో లాస్ వేగస్ ప్రదర్శనలో పత్రికాలేఖకు లొకరు దానితో ఇతరుల ప్రదర్శనలను మాటిమాటికి ఆర్పి బహిష్కృతులైన సంగతి విన్నపుడు మా గదియే జ్ఞాపకము వచ్చును. చివరకు జగిత్యాల అన్నయే రెండు పెట్టెలను తీసి తన ట్రంకుపెట్టెలో పెట్టి బీగము వేసి, "పగలు నాది, రాత్రి మీది" అని తీర్పు చెప్పెను. ఈ సబ్బుపెట్టె ఆయన దేశమునకు మరలిపోవునపుడు నా చేతిలో పెట్టి పోయినది.

వేదికమీది పెద్దలు శాలువలను మెడచుట్టు బిగించుకొనుట నేను ఇందాకటినుండియు చూచుచున్నాను. కుడిగోడమీది ఆ ఏసీ మా నజ్మా గదిలోని జాతిదే, వచ్చినపుడే గుర్తుపట్టితిని. నిర్వాహకుల అనుమతి అడిగితిని, ఇచ్చిరి. మీ ఫోనులను తీసి, ముందువైపు కెమేరాను నా చేతివైపు త్రిప్పుడు. ఊదారంగు చుక్క కనబడినవారు చేయి యెత్తుడు. తక్కినవారందరు ఒక్కక్షణము మాటలాపి, ఆ గోడవైపు చెవి యొగ్గుడు.