కుందేలు చూడి పరీక్ష: లక్షణాలు, చేతి పరీక్ష, రోజుల లెక్క

ఆడ కుందేలును దాటించిన తర్వాత అది చూడి కట్టిందో లేదో కనిపెట్టడం పైకి చిన్న పనే. కుందేళ్ల పెంపకంలో లెక్కలు ఎక్కువగా తప్పేది మాత్రం ఇక్కడే. ఆవు గానీ గేదె గానీ చూడి కట్టకపోతే సుమారు 21 రోజులకు మళ్లీ ఎదకు వస్తుంది. ఎదకు రాలేదంటే చూడి నిలిచిందని రైతు ఒక అంచనా వేసుకుంటాడు. కుందేలుకు అలాంటి క్రమమైన ఎద చక్రం లేదు కాబట్టి ఆ అంచనా ఇక్కడ పనికిరాదు. పైగా చూడి లేని కుందేలు కూడా కొన్నాళ్లపాటు అన్ని విధాలా చూడి కుందేలు లాగే మెలగగలదు.

కుందేలు చూడి కాలం సగటున 31 రోజులు. ఎక్కువ ఈతలు 30, 32 రోజుల మధ్యే జరుగుతాయి. ఇంత తక్కువ వ్యవధిలో ఒక్క వారం తెలియక గడిచిపోయినా నష్టమే. ఖాళీగా ఉన్న ఆడ కుందేలు చూడి ఉందనుకుంటే నెలంతా దాని దాణా ఖర్చు వృథా అవుతుంది. చూడి ఉన్నదాన్ని ఖాళీ అనుకుంటే ఇంకా పెద్ద నష్టం. ఈత పెట్టె పెట్టరు కాబట్టి పిల్లలు పంజరంలో తీగ జాలీ మీదే పుడతాయి. అప్పుడే పుట్టిన కుందేలు పిల్లకు ఒంటి మీద వెంట్రుక ఉండదు, కళ్లు తెరుచుకోవు, ఒంటి వేడిని నిలుపుకునే శక్తి ఉండదు. తల్లి కుందేలు పిల్లి మాదిరిగా పిల్లల్ని నోట కరుచుకుని గూట్లోకి చేర్చదు. జాలీ మీద పడ్డ పిల్లలు కొద్ది గంటల్లోనే చల్లబడి చచ్చిపోతాయి. ముందుగా ఒక పరీక్ష చేసి ఉంటే తప్పిపోయే చావులు ఇవి.

ఇంత గందరగోళానికి మూలం కుందేలు అండం విడుదలయ్యే తీరులో ఉంది. ఆవు, మేక, గొర్రెల్లో అండం తన వేళకు తానే విడుదలవుతుంది. కుందేలులో మగది దాటిన తర్వాతే, సుమారు 10 నుంచి 12 గంటలకు, అండాలు విడుదలవుతాయి. దాటేటప్పుడు కలిగే ప్రేరణ మెదడుకు చేరుతుంది. మెదడు కింద ఉన్న పీయూష గ్రంథి వెంటనే ల్యూటినైజింగ్ హార్మోన్‌ను రక్తంలోకి వదులుతుంది. అండాశయంలో సిద్ధంగా ఉన్న అండాలు ఆ హార్మోన్‌తో బయటపడతాయి. ఫలదీకరణ అండవాహికలోనే జరుగుతుంది. 1797లో విలియం క్రూక్‌షాంక్ అనే శాస్త్రజ్ఞుడు దాటించిన మూడో రోజున కుందేలు అండాలను అండవాహికలోనూ, నాలుగో రోజున గర్భాశయంలోనూ చూసి, ఆ సంగతిని లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించాడు. గర్భాశయంలోకి వచ్చిన పిండాలు 7వ రోజుకు దాని గోడను అంటుకుంటాయి. అంతవరకూ ఎంత నేర్పరి చేతికైనా తగలడానికి కడుపులో ఏమీ ఉండదు.

బయటి ప్రేరణతోనే అండం విడుదల కావడమనే ఈ గుణం ఒకప్పుడు మనుషుల గర్భ పరీక్షకు కూడా ఆధారమైంది. 1931లో అమెరికాలో మారిస్ ఫ్రీడ్‌మన్, మాక్స్‌వెల్ లాఫమ్ అనే ఇద్దరు పరిశోధకులు స్త్రీ మూత్రాన్ని ఆడ కుందేలు చెవి సిరలోకి ఎక్కించి, సుమారు 48 గంటల తర్వాత దాని అండాశయాన్ని పరిశీలించే పద్ధతిని ప్రకటించారు. గర్భిణి మూత్రంలోని హార్మోన్ కుందేలులో అండాన్ని విడుదల చేయించేది. కుందేలు చస్తే గర్భం ఉన్నట్టు అనే మాట అప్పట్లో జనంలో బాగా వ్యాపించింది. అందులో నిజం లేదు. అండాశయాన్ని చూడటానికి కుందేలును ఎలాగూ చంపి కోసేవారు. పరీక్షకు ఉపయోగించే కుందేలును ముందు కొన్నాళ్లు మిగతావాటికి దూరంగా, ఒంటరిగా ఉంచేవారు. ఒక ఆడ కుందేలు ఇంకొక ఆడదాని మీదకెక్కినా అండాలు విడుదల కావచ్చు. అదే జరిగితే పరీక్ష తప్పుదారి పట్టేది.

షెడ్డులో పెంపకందారును మోసం చేసేది కూడా ఆ సంగతే. దాటిన ప్రేరణతో అండాలు విడుదలై, మగదాని వీర్యంలో సత్తువ లేక అవి ఫలించకపోయినా అండాశయంలో మిగిలిన కణాలు ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్‌ను తయారుచేస్తూనే ఉంటాయి. శరీరానికి అందే సంకేతం ఒక్కటే: చూడి మొదలైంది. దీన్ని ఉత్తుత్తి చూడి అనవచ్చు. ఇది 16 నుంచి 18 రోజుల వరకు సాగుతుంది. ఆ రోజుల్లో ఆడ కుందేలు మగదాన్ని దగ్గరికి రానివ్వదు, గుర్రుమంటుంది, పొదుగు కొంచెం ఉబ్బుతుంది. ఆఖరున ప్రొజెస్టెరాన్ పడిపోయినప్పుడు తన బొచ్చు తానే పీక్కుని, గడ్డి నోట కరుచుకుని గూడు కట్టే ప్రయత్నం కూడా చేస్తుంది. కొన్నిటికి పాలు సైతం దిగుతాయి. లోపల మాత్రం ఒక్క పిల్ల కూడా ఉండదు. ఇందులో కుందేలు నటన ఏమీ లేదు. హార్మోన్ల దృష్టిలో అది చూడి కుందేలే. రక్తంలో ప్రొజెస్టెరాన్ కొలిచినా మొదటి రెండు వారాల్లో అసలు చూడికీ దీనికీ తేడా కట్టడం కష్టం.

తెలుగు ప్రాంతాల వేసవిలో ఈ చిక్కు ఎక్కువవుతుంది. 30 డిగ్రీలు దాటిన వేడిలో రోజుల తరబడి ఉన్న మగ కుందేలు వీర్యం నాణ్యత పడిపోతుంది. కొత్త వీర్యకణాలు తయారు కావడానికి వారాలు పడుతుంది కాబట్టి వర్షాలు పడి షెడ్డు చల్లబడిన తర్వాత కూడా కొంతకాలం ఆ ప్రభావం ఉంటుంది. అలాంటి మగది ఉత్సాహంగానే దాటవచ్చు. దాటుడు సక్రమంగా జరిగింది కదా అని ఏప్రిల్, మే, జూన్ నెలల్లో ధైర్యంగా ఉండటానికి లేదు. పరీక్ష చేయకుండా వదలకూడని కాలం అదే.

చాలామంది ఆధారపడే గుర్తులు మూడు. మొదటిది, కొన్ని రోజుల తర్వాత ఆడదాన్ని మళ్లీ మగదాని పంజరంలో వదిలి చూడటం. ఒప్పుకోకపోతే చూడి ఉన్నట్టు, ఒప్పుకుంటే లేనట్టు అని లెక్క. ఉత్తుత్తి చూడిలో ఉన్నది ఒప్పుకోదు, నిజంగా చూడి ఉన్నవాటిలో కొన్ని ఒప్పుకుంటాయి. కాబట్టి ఈ పరీక్ష రెండు వైపులా తప్పుతుంది, కొట్లాటలో గాయాలు కూడా అవుతాయి. ఎంత పాత అలవాటైనా దీన్ని మానుకోవడమే మంచిది. రెండోది తూకం. పిల్లల ఎదుగుదలలో ఎక్కువ భాగం చివరి 10 రోజుల్లోనే జరుగుతుంది. తూకంలో తేడా నమ్మదగినంతగా కనిపించేసరికి పరీక్ష అవసరమే తీరిపోతుంది. మూడోది కడుపు పెరగడం. బాగా మేసిన కుందేలు కడుపు, తొలిసగం చూడిలో ఉన్న కుందేలు కడుపు చూపుకు ఒకేలా ఉంటాయి.

నమ్మదగినది చేతి పరీక్ష. దీనికి సరైన సమయం దాటించిన 10వ రోజు నుంచి 14వ రోజు వరకు, అందులోనూ 12వ రోజు చాలా అనుకూలం. అప్పటికి గర్భాశయంలో ఒక్కో పిండం ఉన్నచోట ఒక్కో ఉబ్బు విడివిడిగా, గోలీకాయంత గుండ్రంగా తగులుతుంది. 10వ రోజుకు ముందు ఆ ఉబ్బులు చాలా చిన్నవి, కొత్త చేతికి అందవు. 14 దాటాక అవి పెద్దవై, మెత్తబడి, ఒకదానితో ఒకటి ఒరుసుకుంటూ పేగుల నుంచి విడిగా గుర్తుపట్టడానికి వీలులేకుండా పోతాయి. కుందేలు గర్భాశయం రెండు పొడవైన కొమ్ములుగా ఉండి, ఒక్కో కొమ్ముకు వేరువేరు ముఖద్వారం ఉంటుంది. పిండాలు ఆ రెండింటిలోనూ వరసగా ఉంటాయి. అందుకే పొట్టకు రెండు వైపులా వెతకాలి.

కుందేలును నున్నటి బల్ల మీద పరీక్షించకూడదు. కాళ్లు జారితే బెదిరి వెనకకాళ్లతో గట్టిగా తన్నుకుంటుంది. ఆ విసురుకు నడుము ఎముక విరిగి వెనక భాగం చచ్చుబడే ప్రమాదం ఉంది. బల్ల మీద గోనెసంచి పరిస్తే కాళ్లకు పట్టు దొరుకుతుంది. చెవులు పట్టి లేపడం ఎప్పుడూ పనికిరాదు. కుందేలు ముఖం పరీక్షించేవారి వైపు ఉండాలి. ఒక చేత్తో భుజాల మీది వదులు చర్మాన్ని చెవులతో కలిపి తేలిగ్గా అదిమి పట్టుకోవాలి. రెండో చెయ్యి పొట్ట కిందుగా, వెనక కాళ్లకు కొంచెం ముందు వరకు పోవాలి. బొటనవేలు ఒక పక్క, మిగతా వేళ్లు ఇంకో పక్క ఉంచి, అరచేతి మీద పొట్ట బరువు ఆననిచ్చి, వేళ్లను మెల్లగా ముందుకూ వెనక్కూ జరపాలి. పిండాలు ఉంటే వేళ్ల మధ్య నుంచి జారిపోతూ తగులుతాయి. వాటిని పట్టుకోవడానికి ప్రయత్నించకూడదు, నొక్కకూడదు. నొక్కుడు ఎక్కువైతే పిండం గోడ నుంచి ఊడిపోవచ్చు. కుందేలు పొట్ట బిగబట్టినంతసేపూ ఏమీ తెలియదు. చెయ్యి కదపకుండా అలాగే ఉంచితే కాసేపటికి అది వదులవుతుంది. ఈ ఓపికే పనిలో సగం.

కొత్తవారిని ఎక్కువగా తికమక పెట్టేవి పెంటికలు. అవి కూడా గుండ్రంగా, వరసగా తగులుతాయి. అయితే పెంటిక చిన్నది, గట్టిది, వెన్నెముకకు దగ్గరగా పై భాగంలో ఉంటుంది. పిండం ఉన్న ఉబ్బు పెద్దది, సాగే గుణం ఉన్నది, పొట్ట కింది భాగంలో అటూ ఇటూ కదులుతుంది. మూత్రపిండాలు కూడా వెన్నును అంటిపెట్టుకునే ఉంటాయి. నిండిన మూత్రాశయం ఒంటరిగా, మెత్తటి బంతిగా తగులుతుంది. నేర్చుకునేవారు ఒకే పూట అసలు దాటించని కుందేలునూ, చూడి ఖాయమైన కుందేలునూ ఒకదాని తర్వాత ఒకటి తడిమి చూస్తే తేడా త్వరగా చేతికెక్కుతుంది. చదివి నేర్చుకునేది ఇందులో కొంతే. పశువైద్యుల దగ్గరో, చేయి తిరిగిన పెంపకందారు దగ్గరో నిలబడి నేర్చుకున్నది ఎక్కువకాలం నిలుస్తుంది. అనుమానం మిగిలితే రెండు రోజులు ఆగి, 14వ రోజు లోపు మళ్లీ చూడాలి.

పశువైద్యశాలలో అల్ట్రాసౌండ్ ఉంటే సుమారు 8 నుంచి 10 రోజులకే పిండాల సంచులు తెరపై కనిపిస్తాయి, ఆ తర్వాత గుండె కొట్టుకోవడం కూడా తెలుస్తుంది. ఎక్స్‌రే పిల్లల ఎముకలు గట్టిపడ్డాకే ఉపయోగం, అంటే చూడి చివరి రోజుల్లో. వందల కుందేళ్లున్న షెడ్డుకు ఈ రెండూ గిట్టుబాటు కావు. పట్టణాల్లో ముచ్చటకు పెంచుకునేవారికి మాత్రం అల్ట్రాసౌండ్ చాలా ఉపయోగపడుతుంది. సంతలో రెండూ ఆడవేనని కొనుక్కొచ్చిన పిల్లల్లో ఒకటి మగదని ఇంటికొచ్చిన కొన్ని నెలలకు బయటపడటం తరచూ జరుగుతుంది. అలాంటి ఇళ్లలో దాటిన తేదీయే తెలియదు కాబట్టి రోజుల లెక్కతో చేసే చేతి పరీక్ష కుదరదు.

లెక్క కుదరాలంటే దాటించిన రోజే పంజరం కార్డు మీద తేదీ రాసి తీరాలి. జనవరి 1న దాటించారనుకుంటే జనవరి 13న చేతి పరీక్ష, 29న ఈత పెట్టె, ఫిబ్రవరి 1న ఈత. తేదీ రాసి ఉంటే ఉత్తుత్తి చూడి కూడా తనంత తానే బయటపడుతుంది. బొచ్చు పీకడం 17, 18 రోజులకే మొదలైతే అది ఉత్తుత్తిది. నిజమైన చూడిలో ఆ పని సాధారణంగా ఈతకు కొన్ని గంటలో, ఒకటి రెండు రోజులో ముందు జరుగుతుంది. ఉత్తుత్తి చూడి ముగిసిన వెంటనే ఆడ కుందేలు మళ్లీ దాటించడానికి సిద్ధంగా ఉంటుంది. ఒకే కుందేలుకు ఇది పదేపదే వస్తుంటే మగదాన్ని మార్చి చూడాలి, ఆడవాటిని విడివిడి పంజరాల్లో ఉంచాలి.

12వ రోజు చూడి ఉందని తేలినంత మాత్రాన ఈత ఖాయమైనట్టు కాదు. వేడి, బెదురు, జబ్బు వంటి కారణాలతో కొన్ని పిండాలు, ఒక్కోసారి అన్నీ, తల్లి శరీరంలోనే కరిగిపోతాయి. బయటికి ఏ గుర్తూ కనిపించకపోవచ్చు. చూడి తేలిన కుందేలును కుక్కలు మొరిగే చోటికి, మధ్యాహ్నపు ఎండ పడే వరసలోకి మార్చకూడదు. చివరి 10 రోజుల్లో దాణా పెంచాలి. అంతకుముందే ఎక్కువ పెట్టి కొవ్వు పట్టిస్తే ఈత దగ్గరపడ్డాక తిండి మానేసి, రక్తంలో విషాలు చేరి చనిపోయే జబ్బు రావచ్చు. చూడి నిండిన కుందేలు ఒక్క రోజు మేత ముట్టకపోయినా ఉపేక్షించకూడదు.

ఈత ఎక్కువగా తెల్లవారుజామున, అరగంటలోపే ముగుస్తుంది. మగది అదే గూటిలో ఉంటే ఈనిన రోజే మళ్లీ దాటి, మళ్లీ చూడి కట్టే వీలుంది. కాబట్టి ఈతకు ముందే దాన్ని వేరు చేయాలి. ఒకటి రెండు పిల్లలే ఉన్న చూడి ఒక్కోసారి 33వ రోజు వరకు సాగుతుంది, అలాంటి పిల్లలు పెద్దవిగా ఎదిగి ఈత కష్టమవుతుంది. 12వ రోజు పిండాలు స్పష్టంగా తగిలి, 32 రోజులు నిండినా ఈనని కుందేలును మరునాటి దాకా ఆగకుండా పశువైద్యుడికి చూపించాలి. లోపల పిల్లలు బతికున్నాయో లేదో చూసి, ఈత కోసం ఇంజెక్షన్ ఇవ్వాలా ఆపరేషన్ చేయాలా అని నిర్ణయించేది ఆయనే. ఆ ఇంజెక్షన్‌ను దుకాణంలో కొనుక్కొచ్చి సొంతంగా పొడవడం ప్రమాదం. పిల్ల అడ్డం తిరిగి ఉంటే గర్భాశయం చిరిగి తల్లి కూడా దక్కదు.