కాగితాల ఊళ్లో మన పేరున కాగితం ఎక్కడ?

(కాగజ్‌నగర్‌లో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పెరుగుతున్న పట్టణంలో స్త్రీలకు ఇంటి హక్కు అనే విషయం మీద మాట్లాడమని నిర్వాహకులు నన్ను అడిగారు. పట్టణం పెరుగుతోందంటే మనం సాధారణంగా ఏం మాట్లాడుకుంటాం? గజం ధర ఎంతయింది, వెంచర్లు ఎటువైపు పడుతున్నాయి, బయటివాళ్లు ఎంతమంది వచ్చారు? టీకొట్టు దగ్గరైనా, మునిసిపల్ ఆఫీసులోనైనా ఇవే ప్రశ్నలు. వీటి పక్కన ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఊరు పెరగడానికి అయ్యే ఖర్చును ఎవరి ఒళ్లు భరిస్తోంది? పెరిగిన ఊళ్లో ఇల్లు ఎవరి పేరున ఉంటోంది? ఈ రోజు నేను మీ ముందు పెట్టదలచుకున్నది ఈ ప్రశ్ననే.

ముందుగా ఈ ఊరి సంగతి. కొత్తపేట అనే పల్లె దగ్గర 1938లో, నిజాం పాలనలో, సిర్పూరు పేపరు మిల్లు స్థాపించారు. 1942లో ఉత్పత్తి మొదలైంది. ఊరి పేరే కాగజ్‌నగర్ అయింది. కాజీపేట-బల్లార్షా రైలుమార్గం, పెద్దవాగు నీళ్లు, ఆదిలాబాద్ అడవుల వెదురు ఒక్కచోట దొరకడం వల్ల మిల్లు ఇక్కడికి వచ్చింది. ఆ రెండు సంవత్సరాల మధ్యనే, 1940లో, జోడేఘాట్‌లో కొమరం భీం నేలకొరిగాడు. గోండు కుటుంబం పోడు కొట్టుకుంటే నేరమన్న ప్రభుత్వమే వెదురు కోసం మిల్లుకు అడవి తలుపులు తెరిచింది. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇక్కడ "స్థానికులం" అనే మాటను గోండులూ, కోలాములూ తప్ప మిగతావాళ్లం కాస్త జాగ్రత్తగా వాడుకోవాలి. మిల్లు పని కోసం తెలుగు జిల్లాల నుంచి, మహారాష్ట్ర నుంచి, ఉత్తరాది నుంచి జనం వచ్చారు. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకులకు ఈ చుట్టుపక్కల పునరావాసం కల్పించారు. నజ్రుల్‌నగర్ అనే ఊరి పేరులోనే ఆ చరిత్ర ఉంది. 2011 జనాభా లెక్కల నాటికి పట్టణంలో 57 వేల పైచిలుకు మనుషులు ఉన్నారు. వాళ్లలో చాలామంది తాతలో, తండ్రులో ఎక్కడినుంచో వచ్చినవాళ్లే.

వచ్చిన మగవాడికి మిల్లులో పని దొరికితే క్వార్టర్ దొరికింది. ఆ క్వార్టర్‌లో నీళ్లు పట్టింది, పొయ్యి వెలిగించింది, పిల్లల్ని పెంచింది, మూడు షిఫ్టులకూ క్యారేజీలు కట్టింది ఆడవాళ్లు. కాని క్వార్టర్ మగవాడి ఉద్యోగానికి కట్టిన తోక లాంటిది. ఉద్యోగం పోతే ఇల్లు పోతుంది. సర్‌సిల్క్ మిల్లు 1985లో మూతపడింది. పేపరు మిల్లు 2014 సెప్టెంబరులో ఆగిపోయి, కొత్త యాజమాన్యం చేతికి వచ్చాక 2018 ఆగస్టులో మళ్లీ కదిలింది. ఈ నాలుగేళ్ల గురించి రాసేవాళ్లు కార్మికుల జీతాల గురించి, యాజమాన్యం గురించి, ప్రభుత్వం ఇచ్చిన రాయితీల గురించి రాశారు. అవసరమే. కాని జీతం ఆగిన ఇంట్లో కిరాణా ఖాతాను నెట్టుకొచ్చింది ఎవరు? పుస్తెలతాడు కుదువ పెట్టింది ఎవరు? పత్తి చేలకు, ఇళ్లల్లో పనికి, మిషను కుట్టుకు బయలుదేరింది ఎవరు? ఆ లెక్క ఏ దివాలా ట్రిబ్యునల్ ముందుకూ రాదు. అప్పులవాళ్ల జాబితాలో బ్యాంకులు ఉంటాయి, గృహిణి ఉండదు.

చట్టం ఇక్కడ ఎవరి పక్షాన ఉందో చూడండి. కంపెనీ ఇల్లు ఖాళీ చేయని ఉద్యోగి మీద క్రిమినల్ కేసు పెట్టే వీలు 1956 నాటి కంపెనీల చట్టంలోనే ఉంది. చనిపోయిన ఉద్యోగి భార్యకూ, వారసులకూ అది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. 2003లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం కూడా ఆ వైఖరినే ఖాయం చేసింది. అంటే ఆ ఇంట్లో ఇరవై ఏళ్లు చాకిరీ చేసినప్పుడు ఆమెకు హక్కు లేదు, భర్త పోయిన మరునాడు బాధ్యత మాత్రం వచ్చి పడుతుంది! అయితే 2013 నాటి కొత్త కంపెనీల చట్టంలో ఒక చిన్న మినహాయింపు చేరింది. ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ, మరణ పరిహారం వంటి బకాయిలు కంపెనీ చెల్లించలేదని కోర్టు నమ్మితే, ఇల్లు ఖాళీ చేయలేదన్న కారణంతో జైలు శిక్ష వేయకూడదు. 452వ సెక్షన్‌లో ఉంది. కార్మికవాడల్లో పనిచేసే మన కార్యకర్తలు ఈ సంగతి తప్పక గుర్తు పెట్టుకోవాలి.

ఇక క్వార్టర్ లేనివాళ్ల సంగతి. కాంట్రాక్టు కూలీ, హమాలీ, హోటల్ పనివాడు, ఇళ్లల్లో పనిచేసే అక్క, చుట్టుపక్కల మండలాల నుంచి పిల్లల చదువు కోసం వచ్చిన తల్లి, వీళ్లంతా కిరాయి ఇళ్లలోనే ఉంటారు. నేను పరిశోధన కోసం చిన్న పట్టణాల్లో నెలల తరబడి ఉండవలసి వచ్చినప్పుడు కిరాయికి ఇల్లు వెతుక్కునేదాన్ని. నన్ను అడిగిన మొదటి ప్రశ్న కిరాయి ఎంత ఇస్తావని కాదు, మీ ఆయన ఏం చేస్తాడని. రెండో ప్రశ్న కులం. ఒక ఊళ్లో బేరం కుదిరి, అడ్వాన్సు తీసుకున్న ఇంటాయన, నేను ఒక్కదాన్నే ఉంటానని తెలిసి మర్నాడు డబ్బు తిరిగి ఇచ్చేశాడు. చదువూ జీతమూ ఉన్న నాకే ఇట్లా ఉంటే, భర్త వదిలేసిన స్త్రీకి, దళిత స్త్రీకి, ముస్లిం స్త్రీకి, భాష రాని కొత్త కోడలికి ఎట్లా ఉంటుంది? ఆమెకు దొరికే ఇల్లు ఎప్పుడూ ఇంకొంచెం దూరంగా, ఇంకొంచెం చీకటిగా, ఇంకొంచెం ఎక్కువ కిరాయికి ఉంటుంది.

కిరాయిదారుకు రక్షణ లేదా అంటే, 1960 నాటి రెంట్ కంట్రోల్ చట్టం ఉంది. అది వర్తించే ఇంట్లోంచి, కారణం చూపి కంట్రోలర్ ఉత్తర్వు తెచ్చుకోకుండా యజమాని ఖాళీ చేయించలేడు. నీళ్లు, కరెంటు ఆపి వేధించలేడు. కాని 2005 సవరణతో, మునిసిపల్ కార్పొరేషన్లలో నెలకు 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటిన కిరాయి ఇళ్లను ఆ చట్టం పరిధి నుంచి తప్పించారు. కాగజ్‌నగర్ లాంటి మునిసిపాలిటీలో ఈ రోజు 2,000 రూపాయలకు ఎలాంటి ఇల్లు వస్తుందో మీకు తెలుసు. పరిధి దాటితే నెలవారీ కిరాయిదారుకు 15 రోజుల నోటీసు చాలు. దాన్ని కూడా చాలామంది యజమానులు నోటిమాటతోనే కానిచ్చేస్తారు. రసీదు అడిగితే ఇల్లు ఖాళీ చేయమంటారన్న భయంతో మనవాళ్లు రసీదే అడగరు.

ఇట్లా కిరాయి భరించలేక జనం ఊరి అంచులకు పోతారు. అక్కడే పట్టణం విస్తరించడం అనేది మొదలవుతుంది. పొలం వెంచర్ అవుతుంది, రంగు రాళ్లు పాతుతారు, వాయిదాల మీద ప్లాటు అంటారు. అనుమతి లేని లేఅవుట్‌లో ధర తక్కువ. ఎందుకు తక్కువ? రోడ్డు లేదు, మోరీ లేదు, నల్లా లేదు, దీపం లేదు కాబట్టి. ఆ తగ్గిన ధరను వేరే రూపంలో ఎవరు చెల్లిస్తున్నారు? బిందెలు మోసే ఆడవాళ్లు. పొద్దుగూకాక ఆటో దిగి చీకట్లో నడిచే ఆడపిల్లలు. వానాకాలం ఇంట్లోకి వచ్చిన నీళ్లు ఎత్తిపోసే ముసలమ్మలు. 2023 డిసెంబరు నుంచి స్త్రీలకు ఆర్టీసీ బస్సు ఉచితం, మంచిదే. కాని బస్సు పెద్దరోడ్డు మీద పోతుంది, వెంచర్‌కు పోదు. ఆ చివరి దూరానికి ఆటో కిరాయి మన కొంగుముడి నుంచే. కాబట్టి చవక ప్లాటు అంటే స్త్రీల శ్రమతో పూడ్చిన ధర అని నేనంటాను.

ఆ ప్లాటుకు డబ్బు ఎక్కడిదో కూడా చూడండి. పొదుపు సంఘం అప్పు, చిట్టీ పాట, అమ్మగారింటి బంగారం. రిజిస్ట్రేషన్ మాత్రం ఆయన పేరున. అప్పు మన పేరున, ఆస్తి ఆయన పేరున! లేఅవుట్ల క్రమబద్ధీకరణకు 2020లో ప్రభుత్వం దరఖాస్తులు పిలిస్తే రాష్ట్రం మొత్తం మీద పాతిక లక్షలకు పైగా వచ్చాయి. అన్ని కుటుంబాలు అనుమతి లేని ప్లాట్లలో డబ్బు పోసి కూర్చున్నాయంటే, పేద, దిగువ మధ్యతరగతి మనుషులకు సక్రమమైన జాగా అందని ధరలో ఉందనే కదా అర్థం? ఫీజు వసూలు చేసి తప్పు ఒప్పు చేయడం సులువు. సౌకర్యాలున్న జాగాను ముందుగానే అందుబాటులో పెట్టడం ప్రభుత్వం చేయవలసిన పని.

ఈ ఒత్తిడంతా చివరకు ఎక్కడికి తిరుగుతుంది? "బయటివాళ్లు వచ్చి ధరలు పెంచారు" అనే మాటకు. ఈ మాటలో నిజమెంతో వేరు చేసి చూడాలి. తిర్యాణి, కెరమెరి, జైనూరు వంటి షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఆదివాసీల నుంచి భూమి చేతులు మారడం నిజమైన అన్యాయం. అక్కడ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1959 నాటి నిబంధనలు, 1970 సవరణ ఉన్నాయి. మనందరం ఇంటి జాగా అడుగుతున్నప్పుడు ఆ చట్టాన్ని సడలించమని ఒక్కమాట కూడా అనకూడదు. ఒక స్త్రీ ఇల్లు ఇంకో స్త్రీ చేను మీద లేవకూడదు. కాని కిరాయి గదిలో ఉన్న బీహారీ కూలీ భార్యా, బెంగాలీ కాందిశీక కుటుంబంలోని స్త్రీ ధరలు పెంచినవాళ్లు కారు, వాళ్లూ ఆ ధరల కింద నలుగుతున్నవాళ్లే. పశ్చిమ బెంగాల్‌లో షెడ్యూల్డ్ కులంగా ఉన్న నమశూద్రులకు తెలంగాణ జాబితాలో చోటు లేదు. ఇక్కడికి రావడంతో ఆ స్త్రీలు ఒక గుర్తింపునే పోగొట్టుకున్నారు.

స్థానికులు, బయటివాళ్లు అనే తగాదాలో స్త్రీ శరీరం ఎట్లా ఆయుధమవుతుందో 2024 సెప్టెంబరులో జైనూరులో చూశాం. ఒక ఆదివాసీ స్త్రీ మీద దాడి జరిగింది. దానిమీద న్యాయం అడగవలసిన సమయంలో దుకాణాలు తగలబడ్డాయి, కర్ఫ్యూ వచ్చింది. మర్నాటి నుంచి అందరూ మాట్లాడింది రెండు వర్గాల గురించే. ఆ స్త్రీకి జరిగిన గాయం వెనక్కి పోయింది. మన సంఘాలు రెండు మాటలనూ ఒకేసారి గట్టిగా అనగలగాలి. ఆమెకు న్యాయం జరగాలి. ఆమె పేరు చెప్పి ఇంకెవరి ఇల్లూ కాలకూడదు.

పథకాల విషయానికొస్తే, కాగితం మీద ప్రభుత్వాలు స్త్రీల పేరే రాస్తున్నాయి. 2014 డిసెంబరులో వచ్చిన 58వ నంబరు జీవో ప్రకారం, ప్రభుత్వ జాగలో ఇల్లు వేసుకున్న పేదలకు 125 గజాల దాకా ఉచిత క్రమబద్ధీకరణ, పట్టా ఇంటి ఇల్లాలి పేరున. 2015 నాటి రెండు పడకగదుల ఇళ్లూ ఆమె పేరునే. 2024 మార్చిలో మొదలైన ఇందిరమ్మ ఇళ్లలో 5 లక్షల సాయమూ ఆమె పేరునే, కాని మొదటి విడత సొంత జాగా ఉన్నవాళ్లకు. జాగా లేని కిరాయిదారు ఆగాలి. క్రమబద్ధీకరణకు కరెంటు బిల్లో, ఇంటి పన్ను రసీదో చూపించాలి. అవి ఎవరి పేరున ఉంటాయి? 2013 నాటి ఆహార భద్రతా చట్టం రేషన్ కార్డులో ఇంటిపెద్దగా స్త్రీనే గుర్తించింది. బియ్యం సంచి మోసేటప్పుడు మనం ఇంటిపెద్దలం. ఇంటి కాగితం దగ్గరికి వచ్చేసరికి కాకుండా పోతున్నాం.

మిత్రులారా, చేయవలసిన పనులు కొన్ని చెప్పి ముగిస్తాను.

మొదటిది, వచ్చే మూడు నెలల్లో మన సంఘాలు బస్తీ బస్తీకీ పోయి ఒక్క ప్రశ్న అడగాలి. ఈ ఇంటి కాగితం ఎవరి పేరున ఉంది? ఆ లెక్క ఎవరూ మనకు తీసిపెట్టరు, మనమే తీయాలి.

రెండోది, కిరాయి రసీదు కోసం గుంపుగా అడగాలి. ఒక్కతే అడిగితే ఇల్లు పోతుంది, వాడకట్టంతా అడిగితే రసీదు వస్తుంది. రెంట్ కంట్రోల్ చట్టంలోని 2,000 రూపాయల హద్దును మార్చమని మన శాసనసభ్యులను అడగాలి.

మూడోది, 2005 నాటి గృహహింస చట్టం కింద, ఇల్లు ఎవరి పేరున ఉన్నా, కిరాయిదైనా, అందులో ఉండే హక్కు స్త్రీకి ఉందని ప్రతి సమావేశంలో చెప్పాలి. అత్తమామల పేరున ఉన్న ఇల్లు కూడా ఉమ్మడి నివాసమే కావచ్చునని సుప్రీంకోర్టు 2020 అక్టోబరులో స్పష్టం చేసింది.

నాలుగోది, పొదుపు సంఘం అప్పుతో కొనే ప్లాటు ఆమె పేరునో, ఇద్దరి పేరునో రిజిస్టరు కావాలని సంఘాల్లోనే తీర్మానం చేసుకోవాలి. నది దాటితే మహారాష్ట్ర. అక్కడ స్త్రీ పేరున ఇల్లు కొంటే 2021 నుంచి స్టాంపు డ్యూటీలో ఒక శాతం రాయితీ ఉంది. ఆ పాటి మేలు ఇవతలి ఒడ్డున ఉన్న మనకెందుకు ఉండకూడదు?

ఎనభై ఏళ్లుగా ఈ ఊరు దేశానికి కాగితం పంపుతోంది. ఆ కాగితం మీద దస్తావేజులు, పట్టాలు, తీర్పులు రాసుకున్నారు. ఎవరు ముందు వచ్చారు, ఎవరు వెనక వచ్చారు అని మనల్ని మనం విడదీసుకోకుండా, ఈ ఊరికి శ్రమ ధారపోసిన ప్రతి స్త్రీ పేరునా ఒక్క కాగితం రాయించుకుందాం. ఆ పని వచ్చే వారం నుంచే, మీ మీ వాడల్లో మొదలుపెట్టాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.