మేల్కొనని కంప్యూటరు



ఈ పూట నేను ముచ్చటింపనున్న విషయము కంప్యూటరు. వ్యాకరణమును తర్కమును చదివి, ముప్పదియైదేండ్లు బడిలో పాఠములు చెప్పి విశ్రమించిన పంతులుకు ఈ యంత్రముతో నేమి పని యని మీరడుగవచ్చును. పని కలదు. మా రెడ్డిగూడెమున మామిడితోటల కౌలు లెక్కలును, పిల్లల చదువుల పత్రములును, ఇంటి పెద్దల ఛాయాపటములును నేడు పలు ఇండ్లలో ఆ పెట్టెలోననే యున్నవి. పొలము అడంగలును, 1-బి నకలును చూచుకొనుటకు సైతము మీభూమి యను ప్రభుత్వపు పుటను దానియందే తెఱచుచున్నాము. అట్టి పెట్టె యొకనాడు మీట నొక్కినను మేల్కొనకున్నచో ఇల్లెల్ల కలవరపడును. ఆ కలవరములో మనము చేయు పనులవలన యంత్రమునకంటె అందలి వ్రాతలకే హెచ్చు హాని కలుగుచున్నది. కావున నేను చెప్పదలచినది ఒక్కటే: యంత్రము ఎక్కడ ఆగినదో ముందు తెలిసికొనుడు, పిమ్మటనే చేయి వేయుడు.

రోగము నెఱుగుటకు మన వైద్యశాస్త్రమున నిదానము, పూర్వరూపము, రూపము, ఉపశయము, సంప్రాప్తి యని యైదు మార్గములు చెప్పబడినవి. అవి యీ యంత్రమునకును సరిపడును. రాత్రి పిడుగు పడెనా, కరెంటు పోయి వచ్చెనా, పెట్టెను కదలించిరా యని హేతువు నడుగుట నిదానము. కొన్నాళ్లుగా మందముగ నడచెనా, లోపల టకటక చప్పుడు వినవచ్చెనా యని విచారించుట పూర్వరూపము. ఇప్పుడు కనబడుచున్న లక్షణము రూపము. ఒక చిన్న మార్పు చేసి గుణము కలిగెనా యని చూచుట ఉపశయము. లోపల ఏది ఏ క్రమమున జరుగునో యెఱుగుట సంప్రాప్తి. అన్నిటికంటె మొదట తెలియవలసినది ఈ క్రమమే.

మీట నొక్కినంతనే, ఇంటికి వచ్చు 230 వోల్టుల కరెంటును పవర్ సప్లై యను డబ్బా 12, 5, 3.3 వోల్టులుగా మార్చి లోపలి భాగములకు పంచిపెట్టును. ఇది మొదటి మెట్టు. అంతట మదర్‌బోర్డు మీది చిన్న చిప్పులో వ్రాసియుంచిన బయాస్ అను ప్రోగ్రాము మేల్కొని మెమరీ మొదలగు భాగములను పరీక్షించును. నేటి యంత్రములలో బయాస్ స్థానమున యూఈఎఫ్ఐ వచ్చినది. ఇది రెండవ మెట్టు. లోపమున్నచో కొన్ని యంత్రములు బీప్ బీప్ మని కూయును. ఎన్ని కూతలకు ఏమి యర్థమో యంత్రముతో నిచ్చిన పుస్తకమున చూచుకొనవలెను. పరీక్ష ముగియగానే డిస్కును వెదకి, విండోస్ వంటి ఆపరేటింగ్ సిస్టమును మెమరీలోనికి తెచ్చుట మూడవ మెట్టు. ఆ సిస్టము తన పరివారము నెల్ల లేపి తెరను మనకప్పగించుట నాల్గవ మెట్టు.

ఈ క్రమము తెలిసినందువలన ప్రయోజనమేమో యొక యుదాహరణము చెప్పెదను. గత వేసవిలో, చిన్నరసాలు కోతకు వచ్చిన దినములలో, ఒకనాటి రాత్రి గాలివానకు కరెంటు పలుమారులు పోయి వచ్చెను. మఱునాడు మా వీధిలోని యొక రైతు మీట నొక్కగా దీపము వెలిగెను, ఫ్యాను తిరిగెను, తెర మాత్రము నల్లగనే యుండెను. పట్టణములోని యొక మరమ్మతుదారు ఫోనులోననే, డిస్కును తుడిచి విండోస్ మరల నెక్కింపవలెనని తీర్పు చెప్పెను. ఆ డిస్కులో పదేండ్ల తోట లెక్కలును, కాలముచేసిన ఆయన భార్య ఛాయాపటములును గలవు. వేఱొక ప్రతి లేదు. ఆయన వచ్చి, "పంతులుగారూ, ఏమి చేయమందురు?" అని యడిగెను.

తెరపై తయారీదారు పేరైనను పొడసూపలేదు. అనగా యంత్రము రెండవ మెట్టు దాటినట్లు సాక్ష్యము లేదు. అట్టియెడ మూడవ మెట్టున నున్న డిస్కును తుడుచుట, తోట తలుపు రాకున్నదని చెట్లు నరికినట్లగును. మొదట తెర తీగను వేఱొక యంత్రమునకు తగిలించి చూచితిమి. తెర బాగుగనే యున్నది. పిదప ప్లగ్గు పీకి, మీటను కొంతసేపు నొక్కిపట్టి, పెట్టె ప్రక్కరేకు విప్పి, మన ఒంటిలోని స్థిరవిద్యుత్తు పోవునట్లు ఇనుపచట్రమును తాకి, రెండు మెమరీ కార్డులను వెలికి తీసితిమి. తర్కమున అన్వయవ్యతిరేకము లనునవి కలవు: ఒకటి యున్నప్పుడు వేఱొకటి యుండుట అన్వయము, లేనప్పుడు లేకుండుట వ్యతిరేకము. ఒక కార్డును మాత్రము పెట్టగా తెర వెలిగెను. దానిని తీసి అదే గాడిలో రెండవదానిని పెట్టగా చీకటి. మరల మొదటిదానిని పెట్టగా వెలుగు. దోషము రెండవ కార్డుదని తేలినది. డిస్కు నెవ్వరును ముట్టలేదు. తెర వెలిగిన తరువాత ఆయన లెక్కలు చూడలేదు. భార్య పటమును తెఱచి, కొంతసేపు చూచి, పిదప నాకు మంచినీళ్లు తెప్పించెను.

ఇక తక్కిన మెట్ల సంగతి. దీపమే వెలుగనిచో, ముందు గోడ ప్లగ్గును ఒక బల్లదీపముతో పరీక్షింపుడు. పెట్టె వెనుకనున్న చిన్న స్విచ్చును చూడుడు. పవర్ సప్లై డబ్బాను మాత్రము ఎన్నడును విప్పకుడు. ప్లగ్గు తీసిన తరువాతను దానిలో ప్రాణాపాయకరమగు విద్యుత్తు నిలిచియుండవచ్చును. యంత్రము లేచుచున్నను తేదీ ప్రతిదినము ఏండ్ల వెనుకకు పోవుచున్నచో, మదర్‌బోర్డు మీది 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ తీరిపోయినదేమో చూడుడు. తేదీ తప్పినచో ఇంటర్నెట్ పుటలు సైతము తెఱచుకొనకుండవచ్చును. డిస్కు కనబడలేదను మాట తెరపై వచ్చినచో, మఱచి తగిలించిన పెన్‌డ్రైవు నూడదీయుడు. డిస్కు టకటక మనుచున్నచో మరల మరల ప్రయత్నింపక వెంటనే ఆపి, వ్రాతలను వెలికి తీయు నేర్పుగలవాని కప్పగింపుడు. విండోస్ బొమ్మవఱకు వచ్చి తిరిగి మొదటికి పోవుచున్నచో, ప్రింటరు మొదలగువాని నూడదీసి చూడుడు. పలుమారులు తప్పినపుడు మరమ్మతు తెర తనంతట వచ్చును. అందు స్టార్టప్ రిపేరును, సేఫ్ మోడును గలవు. ఒక మార్పు ఫలము చూడక రెండవ మార్పు చేయకుడు. చేసినచో ఏది మందో ఏది రోగమో తెలియకపోవును.

మరమ్మతుదారులందఱు తెలియనివారని నేననుట లేదు. "యంత్రము ఏ మెట్టున ఆగినది? డిస్కును తుడుచుటకు ముందు మా వ్రాతలకు ప్రతి తీయుదురా?" అని వారిని అడుగుడు. నేర్పరియగువాడు ఆ ప్రశ్నకు సంతోషించును.

కడపటి మాట. మనది మామిడి సీమ. మేలిరకపు చెట్టుగలవాడు దానినుండి అంటు కట్టి వేఱొకచోట నాటుకొనును. గాలివానకు తల్లిచెట్టు కూలినను రకము నిలుచును. అట్లే నెలకొకమారైనను మీ లెక్కలకును పటములకును వేఱొక డ్రైవున ప్రతి తీసి, ఆ డ్రైవును యంత్రమునుండి విడదీసి భద్రపఱచుడు. యంత్రము అంగడిలో దొరకును. పోయినవారి ముఖములు దొరకవు. సెలవు.