పరదేశ సేవకు ఏ నర్సు చదువు?



హోసూరు నుంచి బరంపురం దాకా మన తెలుగు ఇళ్ళలో ఈ మాట వింటూ ఉంటాను: "మా పిల్ల ఆఫ్రికాలో మిషను ఆసుపత్రికి సేవకు పోతానంటోంది. తొందరగా అయ్యే నర్సు చదువేదో చెప్పండి." ఆ తొందరే నాకు భయం.

తొందరగా అయ్యేది 2 ఏళ్ళ ఏ.ఎన్.ఎం. మన పల్లెల ఉపకేంద్రాలు ఆ చదువు మీదే నడుస్తున్నాయి, దాన్ని తక్కువ చేయను. కాని ఆ చదివినవారి పేరు మన దేశంలోనే రిజిస్టర్డ్ నర్సుల పట్టీలో కాక, విడిగా ఎక్కుతుంది. మలావీకి వెళ్ళినా, జాంబియాకు వెళ్ళినా అక్కడి నర్సుల కౌన్సిల్ ఒప్పుకోనిదే నర్సుగా పనిచేయకూడదు. నేనెరిగిన ఒకమ్మాయి ఇలాగే వెళ్ళి, ఏడాదిపాటు దూది చుట్టి, చీటీలు రాసి తిరిగివచ్చింది. 27వ ఏట మళ్ళీ జి.ఎన్.ఎం.లో చేరింది.

"మదర్ థెరిసా కొద్ది నెలలే కదా నేర్చుకున్నది?" అంటారు. నిజమే, 1948లో పాట్నాలో. అయితే అప్పటికామె 19 ఏళ్ళుగా ఈ దేశంలో ఉన్నారు, వెళ్ళింది కలకత్తా వీధుల్లోకి. ఆమెకు నేర్పిన మెడికల్ మిషన్ సిస్టర్స్ కథ మనకు ఎక్కువ పనికొస్తుంది. 1925లో ఆ సంఘాన్ని పెట్టిన అన్నా డెంగెల్ స్వయంగా డాక్టరు. కాథలిక్ సన్యాసినులు కాన్పులు చేయరాదనే నిషేధాన్ని రోము 1936లో గాని ఎత్తివేయలేదు. దూరపు ఆసుపత్రిలో అర్ధరాత్రి తలుపు తట్టేవాళ్ళలో నొప్పులు పడే తల్లి ఉంటుంది. అందుకే ఏ చదువైనా అందులో మంత్రసానితనం ఎంత నేర్పుతారో ముందు అడగండి.

ఇంటర్‌లో బయాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉంటే 4 ఏళ్ళ బి.ఎస్‌సి. నర్సింగే మేలంటాను. ఆర్ట్స్ వారికి 3 ఏళ్ళ జి.ఎన్.ఎం., కావాలంటే ఆపైన 2 ఏళ్ళ పోస్ట్ బేసిక్ బి.ఎస్‌సి. మగపిల్లలకూ ఇవే దారులు, ఏ.ఎన్.ఎం. ఆడపిల్లలకే. కాన్పుల పనే ముఖ్యమనుకున్నవారికి తరువాత 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ఉంది. కేంద్రం 2018లో దానికి మార్గదర్శకాలిచ్చింది. చేరేముందు ఆ కాలేజీకి ఆ రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో మీరే వెళ్ళి కనుక్కోండి. గోడమీది బోర్డును నమ్మవద్దు.

మన సరిహద్దువాళ్ళకు ఇంకో చిక్కు. ఇల్లు ఒడిశాలో, చదువు విశాఖలో అయితే రిజిస్ట్రేషన్ ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్‌లో. పరదేశపు కౌన్సిల్ ధ్రువపత్రం అడిగేది ఆ కౌన్సిల్‌నే, మీ ఊరి పక్క ఆఫీసును కాదు.

దానికన్నా పెద్ద తంటా పేరు. తమిళనాట బడిలో తండ్రి పేరులోని మొదటి అక్షరం రాస్తారు. ఇంటి కాగితాల్లో ఇంటిపేరుంటుంది. పాస్‌పోర్టులో మూడో రకంగా పడుతుంది. మూడు పేర్లు చూసిన విదేశపు గుమాస్తా ముగ్గురు మనుషులనుకుంటాడు! నర్సింగ్‌లో చేర్చకముందే, పదో తరగతి పట్టీ చేతబట్టుకుని, అమ్మాయి పేరు అన్నిచోట్లా ఒకేలా ఉండేట్టు దిద్దించండి. నాలుగేళ్ళ తరువాత దిద్దించాలంటే కాలేజీ, యూనివర్సిటీ, కౌన్సిల్ మూడింటి గడపలూ ఎక్కాలి.

సెలవు.