పాతబడిన పెద్ద కారు

ఏనుగును కొని అంకుశమునకు బేరమాడినట్లని మన పెద్దలు చెప్పుదురు. పాతబడిన విలాసపు కారును నిత్యము ఉద్యోగమునకు పోయి వచ్చుటకై కొనదలచినవారు ఈ మాటను జ్ఞాపకముంచుకొనవలెను.

1995లో పూణేలో మెర్సిడెస్ కార్ల కూర్పు మొదలైనది. అటుపిమ్మట మన రోడ్లపై అట్టి కార్లు క్రమముగా పెరిగినవి. నేడు పది పన్నెండేండ్లు నడచినవి సామాన్యమైన కొత్త కారు ధరకే లభించుచున్నవి. వయసుతో కారు ధర తగ్గును. విడిభాగముల ధర మాత్రము తగ్గదు.

ఈ ఆశకు నేనును లొంగినవాడనే. తోలు ఆసనముల మెత్తదనమును, చప్పుడు లేని నడకను చూచి పన్నెండేండ్ల కారు నొకదానిని కొంటిని. ఒకనాటి వేకువను, ఉదయపు ప్రసారమునకు బయలుదేరబోగా, కారు ముందుభాగము నేలకు క్రుంగియున్నది! దానికి ఇనుప స్ప్రింగులకు బదులు గాలి నింపిన రబ్బరు తిత్తులు. రబ్బరు చివికి గాలి జారిపోయినది. ఆ లోటు పూరించుటకు విరామము లేక పనిచేసి కంప్రెసరు కాలిపోయినది. ఆటోలో పరుగున పోయి, రెండు నిమిషములు మాత్రమే మిగిలియుండగా స్టూడియో చేరితిని. మరమ్మతు బిల్లు నా నెల జీతమును మింగినది.

కనుక కొనుటకు ముందు సర్వీసు పుస్తకమును చూడుడు. రాత్రియంతయు నిలిపియుంచిన కారును ఉదయమున, ఇంజను చల్లగా నున్నప్పుడే, పరీక్షింపుడు. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏండ్లకు ముగియును. తరువాత 5 ఏండ్లకొకసారి పునరుద్ధరించుకొనవలెను. ధరతోబాటు మరమ్మతులకు కొంత సొమ్ము వేరుగా ఉంచుకొనలేనివారికి చిన్న కారే మేలు. ఆఫీసు వేళ మన కారు కొరకు ఆగదు గదా!