ఊపిరి లెక్క
(నీలం నగర్ ఉగాది సభలో చేసిన ప్రసంగము)



పండుగపూట రోగముల ముచ్చట ఎందుకని కొందరికి తోచవచ్చును. కాని మన పచ్చడిలో వేపపువ్వు కూడ ఉన్నది గదా. నేను వైద్యుడను కాను. మెట్రిక్ వరకు చదివి రైల్వే గూడ్సు ఆఫీసులో గుమాస్తా పని చేయుచున్నవాడను. చూచినది, లెక్క కట్టినది మాత్రమే చెప్పెదను.

2020లో ఉగాది మార్చి 25న వచ్చినది. దేశమంతట లాక్‌డౌన్ మొదలైనది కూడ ఆనాడే. ఆ సంవత్సరము పేరు శార్వరి, అనగా రాత్రి. మన వాడలో మగ్గముల చప్పుడు ఆగినది. బీడీలు చుట్టు చేతులు ఊరకున్నవి. ప్రయాణికుల రైళ్లు నిలిచినవి గాని గూడ్సు బండ్లు నిలువలేదు. మరుసటి ఉగాది 2021 ఏప్రిల్ 13న. దాని పేరు ప్లవ, అనగా పడవ. ఆ పడవ ఎక్కవలసిన వేళకే రెండవ అల మన మీద పడినది.

ఆ అలలో ఆసుపత్రులకు అన్నిటికన్న కరవైనది ప్రాణవాయువు. ఒక గుమాస్తా లెక్క వినుడు. పెద్ద సిలిండరులో సుమారు 7,000 లీటర్ల వాయువు పట్టును. నిమిషమునకు 10 లీటర్లు కావలసిన రోగికి అది పన్నెండు గంటలు కూడ రాదు. ముక్కులోనికి నిమిషమునకు 60 లీటర్లు పంపు యంత్రమునకు రెండు గంటలైన చాలదు. అట్టి రోగులు వార్డు నిండ ఉన్నచో సిలిండర్లు మోయుటకే మనుషులు చాలరు. అందుచేత పెద్ద ఆసుపత్రులు ఆరుబయట టాంకులు పెట్టి ప్రాణవాయువును ద్రవరూపమున నిలువచేయును. సున్నకు 183 డిగ్రీలు దిగువకు చల్లార్చినచో అది నీళ్లవలె అగును. ఒక లీటరు ద్రవము ఎనిమిదివందల లీటర్లకు పైగా వాయువై, గొట్టముల వెంట ప్రతి మంచము వద్దకు వచ్చును.

ఆ ద్రవము మన మహారాష్ట్రలో చాలలేదు. ఉక్కు కర్మాగారములలో ఉన్నది, తెచ్చుటెట్లు? 2021 ఏప్రిల్ 19న రైల్వే వారు ఏడు ఖాళీ టాంకరు లారీలను చక్రములతో సహా బండి మీద ఎక్కించి, కళంబోలి నుండి విశాఖపట్నము పంపిరి. అదే మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్. లారీల ఎత్తువలన ఘాటు దారిని పోవుట వీలుగాక, వసయి, సూరతు, భుసావళ్, నాగపూరు మీదుగా చుట్టి పోయినది. 1,850 కిలోమీటర్లకు పైబడిన దారిని సుమారు యాభై గంటలలో దాటినది. విశాఖ ఉక్కు కర్మాగారమున వంద టన్నులకు పైగా నింపుకొని మరలినది. మూడు టాంకర్లు నాగపూరులో దిగినవి, నాలుగు నాసిక్ చేరినవి. అంతకు మూడు రోజుల ముందు, ఏప్రిల్ 21న, ఆ నాసిక్‌లోనే ఒక మునిసిపల్ ఆసుపత్రి టాంకు కారిపోయి ఇరవైమందికి పైగా రోగులు ఊపిరాడక పోయిరి. మన తాతలు తెలుగునాటినుండి వచ్చి ఈ దేశమునకు చద్దర్లు నేసిరి. ఆ నెలలో తెలుగునాటినుండి ఈ దేశమునకు ఊపిరి వచ్చినది.

వైద్యులు కూడ ఉన్నవాటితోనే కొత్త దారులు వెదకిరి. రోగిని బోర్లా పండబెట్టినచో ఊపిరితిత్తుల వెనుకభాగము తెరచుకొని గాలి బాగుగ అందును. దీనికి దిండ్లు తప్ప ఖర్చు లేదు. డెక్సామెథసోన్ అను పాత, చౌక మందు ప్రాణములు నిలుపునని 2020 జూనులో ఆక్స్‌ఫర్డ్ వారి పరీక్షలో తేలినది. వెంటిలేటరు మీదివారి మరణములను మూడవవంతు, ప్రాణవాయువు పెట్టినవారి మరణములను ఐదవవంతు తగ్గించినది. ప్రాణవాయువు అక్కరలేనివారికి మాత్రము మేలు కనబడలేదు. అయినను మనలో కొందరు మొదటి దినమే దుకాణమున కొని మ్రింగిరి. అది తప్పు.

ఇక నా తప్పు చెప్పెదను. 2021లో మా మేనమామకు దగ్గు పట్టినది. ముప్పై ఏండ్లు పవర్‌లూము మీద పనిచేసినవాడు గనుక దూది ధూళి దగ్గనుకొంటిమి. “దవాఖానకు పోతే మల్ల రాను రా” అన్నాడు. ఆయాసము లేదు, చాయ త్రాగుచున్నాడు, మాట్లాడుచున్నాడు. సందులో చదువుకొన్నవాడను నేనే. నేను సరే నంటిని. మూడు దినములు గడిచినవి. నాలుగవనాడు ఎవరో వ్రేలికి తొడుగు ఆక్సీమీటరు తెచ్చిరి. 95 ఉండవలసినచోట 78 చూపినది. మనిషికి తెలియకుండనే నెత్తురులో ప్రాణవాయువు తరుగుట ఈ రోగపు మాయ. ఆసుపత్రి చేర్చితిమి గాని మామ తిరిగి రాలేదు. ఆ మూడు దినముల బరువు నా మీదనే ఉన్నది.

వారము తిరుగకుండ అత్తకు వచ్చినది. ఈసారి ఆలస్యము చేయలేదు. కాని అత్తకు మరాఠీ రాదు, చదువు రాదు. వార్డులోనికి మనలను రానీయరు. నర్సు అడిగినది అత్తకు, అత్త చెప్పినది నర్సుకు తెలియదు. నేను ఒక అట్టముక్క మీద పన్నెండు తెలుగు మాటలు మరాఠీ అక్షరములలో వ్రాసి, ప్రక్కన అర్థము వ్రాసి పంపితిని: “ఊపిరి ఆడుతున్నదా”, “బోర్లా పండు”, “నీళ్లు కావాల్నా”. నర్సు అవి చదివి వినిపించగా అత్త మొదటిసారి తల ఊపినదట. తొమ్మిది దినములకు ఇల్లు చేరినది.

కావున సంఘమువారికి నా మనవి. మన ఆఫీసు అలమారులో నాలుగు ఆక్సీమీటర్లు ఉంచుడు. 94కు తగ్గినచో వైద్యునివద్దకు పోవలెనని గోడమీద తెలుగులో వ్రాయించుడు. అట్టి అట్టముక్కలు వంద అచ్చువేయించి ఆసుపత్రులలో ఇయ్యుడు. రోగివెంట పోవుటకు వీధికి ఇద్దరి పేర్లు వ్రాసికొనుడు. మొదటి పేరు నాది వ్రాయుడు. మహమ్మారి మరల ఎప్పుడు వచ్చునో పంచాంగము చెప్పదు. ఈ ఖర్చు ఒక పందిరి ఖర్చుకన్న తక్కువ.